ఎదురు పేజీ కూడా చదివించండి: విశాఖ లెక్కల మాస్టార్లకు బహిరంగ లేఖ

విశాఖపట్నం జిల్లా బడుల్లో ఆరు నుంచి తొమ్మిదో తరగతి దాకా లెక్కలు చెప్పే మాస్టార్లకు, మేడమ్‌లకు నమస్కారం.

నేను గాజువాకలో ఉంటాను. ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చేసి, ఇరవై ఏళ్లకు పైగా ఫ్యాబ్రికేషన్ షాపుల్లో డ్రాయింగులు గీశాను. ఇప్పుడు సాయంత్రం పూట మా ఇంటి వరండాలో చుట్టుపక్కల పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. ఎక్కువమంది ఆటోనగర్‌లో పనిచేసే వెల్డర్ల పిల్లలు, ఫిట్టర్ల పిల్లలు, లారీ డ్రైవర్ల పిల్లలు. నేను బీఈడీ చదవలేదు. నా ముందు పదిహేను మంది కూర్చుంటారు, మీ ముందు నిండు క్లాసు ఉంటుంది, పైగా సిలబస్ టెన్షన్. అది నాకు తెలుసు. కానీ గీతలతో, కోణాలతో నా బతుకంతా గడిచింది. ఆ చనువుతోనే రాస్తున్నాను.

ప్రభుత్వ బడి పిల్లల లెక్కల పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో ఉంటుంది. మా వరండాకి వచ్చే పిల్లల పుస్తకాలు తెరిస్తే ఇంగ్లీషు పేజీ నిండా పెన్సిల్ గీతలు, చుక్కలు, ముఖ్యమని పెట్టిన గుర్తులు. తెలుగు పేజీ మాత్రం పుస్తకం ఇచ్చిన రోజున ఎలా ఉందో అలాగే ఉంటుంది. "అది అక్కర్లేదు మేడం, ఎగ్జామ్ ఇంగ్లీషులోనే కదా" అంటారు. ఈ ఉత్తరం ఆ పేజీ గురించే. మిగతా పాఠాలకు ఏమోగానీ, రేఖాగణితం చెప్పేటప్పుడైనా ఆ తెలుగు పేజీ తెరిపించండి. ముందు తెలుగు మాట, దాంతో పాటు ఒక వస్తువు, ఆ తర్వాత ఇంగ్లీషు పేరు. ఇదే నేను అడిగేది.

ఎందుకు అడుగుతున్నానో చెబుతాను. జూలైలో ఒక సాయంత్రం ఏడో తరగతి అమ్మాయిని ఆబ్ట్యూస్ యాంగిల్ అంటే ఏంటమ్మా అని అడిగాను. "గ్రేటర్ దేన్ నైంటీ డిగ్రీస్, లెస్ దేన్ వన్ ఎయిటీ డిగ్రీస్" అని గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది. సరే, ఆ వీధి తలుపును అలా పెట్టి చూపించు అన్నాను. లేచి వెళ్లింది. తలుపు పట్టుకుని కాస్త తెరిచింది, మళ్లీ కాస్త మూసింది, నా మొహం చూసింది. చెయ్యి తలుపు మీదే ఉంది, ఎటు కదపాలో తెలియలేదు. అప్పుడు, "దాన్నే తెలుగులో అధికకోణం అంటారు" అన్నాను. ఒక్క క్షణం ఆగి, "అధికమంటే ఎక్కువ కదా మేడం. దేనికంటే ఎక్కువ?" అంది.

నిర్వచనం మొత్తం అప్పజెప్పినా రాని ప్రశ్న, మాట వినగానే వచ్చింది. తలుపు గడపకు అడ్డంగా వచ్చి నిలబడినప్పుడు లంబకోణం అని చూపించాను. అంతకంటే ఎక్కువ తెరిస్తే అధికకోణం, తక్కువ తెరిస్తే అల్పకోణం. పూర్తిగా తెరిచి గోడకు ఆనించేస్తే తలుపూ గడపా ఒకే గీతలోకి వచ్చేశాయి. "ఇది సరళకోణమా మేడం?" అని తనే అడిగింది. సరళరేఖ అన్న మాట అంతకు ముందు విని ఉంది కాబట్టి. ఆ పిల్లకు ఇంగ్లీషు రాక కాదు ఇబ్బంది. ఆబ్ట్యూస్ అన్న శబ్దంలో ఆమె పట్టుకోవడానికి ఏమీ లేదు. అధికంలో ఉంది, అల్పంలో ఉంది.

గాజువాక పిల్లలతో ఇంకో చిక్కుంది, మీరూ గమనించే ఉంటారు. ఆరో తరగతి చదివే వెల్డర్ గారి అబ్బాయిని యాంగిల్ అంటే ఏంటిరా అంటే, "షెడ్డుకి వేస్తారు కదా, ఆ ఇనప యాంగిల్లు" అన్నాడు. అది తప్పని నేననలేను. మా ఊళ్లో యాంగిల్ అంటే అదే. వాళ్ల నాన్న రోజూ కోసి అతికేది దాన్నే. అందుకని వాడి చేతికే రెండు యాంగిల్ ముక్కలు ఇచ్చాను. ఒకదాని రెక్క వెడల్పు 25 మిల్లీమీటర్లు, రెండోదానిది 65. ఏ ముక్కలో కోణం పెద్దది అని అడిగితే ఆలోచించకుండా పెద్దదాన్ని పైకెత్తాడు. అప్పుడు జామెట్రీ బాక్సులో ఎవరూ తియ్యని మూలమట్టం తీయించి రెండింటి లోపలా ఆనించి చూడమన్నాను. రెండింట్లోనూ సరిగ్గా కూర్చుంది. చాలాసేపు దాన్ని ఇటూ అటూ మార్చి మార్చి పెట్టుకుని చూశాడు. భుజాల పొడవు పెరిగితే కోణం పెరగదు, రెండు భుజాలు ఎంత విచ్చుకున్నాయన్నదే కోణం. ఈ ఒక్క సంగతి తెలియకుండా తొమ్మిదో తరగతికి వచ్చేసిన పిల్లల్ని నేను చూశాను. మాట కూడా సాయం చేస్తుంది చూడండి: మనం వాటిని భుజాలు అంటాం. చేతులు రెండూ చాపి మెల్లగా దగ్గరికి తెచ్చి చూపిస్తే చాలు. పొడుగాటి మాస్టారి చేతుల మధ్యైనా, పొట్టి పిల్లాడి చేతుల మధ్యైనా అదే లంబకోణం.

ఈ మాటలన్నీ పరీక్ష కోసమే కదా అనుకునేవాళ్లు ఉంటారు. నేను పనిలో చేరిన కొత్తలో ఒక షాపులో జరిగింది చెబుతాను. పైపుల కింద ఆధారానికి పెట్టే బ్రాకెట్లు, 40 ముక్కలు. డ్రాయింగులో వంపు దగ్గర 60 డిగ్రీలు అని మాత్రమే రాసి ఉంది. గీసినవాళ్ల ఉద్దేశం, తిన్నటి ప్లేటును 60 డిగ్రీలు వంచమని. అలా వంచితే లోపల మిగిలే కోణం 120. బెండింగ్ మెషీన్ మీదున్న ఆయన 60 అంటే లోపలి కోణం అనుకున్నాడు. ప్లేటును 120 డిగ్రీలు వంచేశాడు. ఒక ముక్క కాదు, మధ్యాహ్నం భోజనాల వేళకి 40 ముక్కలూ అయిపోయాయి. మళ్లీ తెరవబోతే వంపు దగ్గర బీటలు. అన్నీ తుక్కులో పడ్డాయి. ఇద్దరిలో ఎవరికీ లెక్క రాక కాదు. 60, 120 ఒకే గీత మీద పక్కపక్కన కూర్చునే కోణాలు. రెండూ కలిస్తే 180. సంపూరక కోణాలని ఏడో తరగతిలో చెప్పేది వీటినే. ఏది లోపలిది, ఏది బయటిది అని ఎవరూ నోరు తెరిచి అడగలేదు, అంతే. ఆ రోజు నుంచి నేను ఏ డ్రాయింగులోనూ కోణం లోపల చిన్న వంపు గీత, అదే చాపం, గీయకుండా అంకె వెయ్యలేదు.

పూరకం, సంపూరకం అన్న మాటలు కూడా చూడండి. పూరించడం అంటే నింపడం. 90కి ఎంత తక్కువైతే అంత నింపేది పూరక కోణం. 180కి నింపేది సంపూరక కోణం. చిన్న మాటకు చిన్న అంకె, పెద్ద మాటకు పెద్ద అంకె అని నేను పిల్లలకు చెబుతాను. కాంప్లిమెంటరీ, సప్లిమెంటరీలను తారుమారు చేసే పిల్లలు ఇవి తారుమారు చెయ్యడం నేను చూడలేదు. సమాంతర రేఖలు కూడా అంతే. సమ అంతరం, ఎక్కడ కొలిచినా ఒకే దూరం. తిన్నగా సాగే రైలు పట్టాలను చూపించి, మన బ్రాడ్‌గేజ్‌లో ఆ దూరం 1,676 మిల్లీమీటర్లని చెబితే, దువ్వాడ దగ్గర కొలిచినా కొత్తవలస దగ్గర కొలిచినా అంతేనా అని అడుగుతారు. అంతే. ఎక్కడా కలవవు, ఎందుకంటే అంతరం ఎక్కడా తగ్గదు.

ఇక లంబం. నాకు అన్నిటికంటే ఇష్టమైన మాట ఇది. మా నాన్న తాపీమేస్త్రి. గోడ నిలువు చూడ్డానికి దారానికి కట్టిన ఇనప గుండు వదిలేవాడు. అది ఊగి ఊగి ఆగేదాకా మాట్లాడనిచ్చేవాడు కాదు. లంబం అంటే వేలాడేది. వినాయకుణ్ణి లంబోదరుడు అనడం ప్రతి పిల్లాడికీ తెలుసు, వేలాడే బొజ్జ ఉన్నవాడు. ఆ గుండు దారం వేలాడినట్టు ఉండే గీత లంబరేఖ. నాన్న గది మూలలు చూసే పద్ధతి కూడా చెప్పాలి. ఒక గోడ వెంట 3 అడుగులకు గుర్తు, రెండో గోడ వెంట 4 అడుగులకు గుర్తు. ఆ రెండు గుర్తుల మధ్య టేపు పట్టి చూస్తే సరిగ్గా 5 అడుగులు రావాలి. వస్తే మూల మట్టంగా ఉన్నట్టు. ఆయన నాలుగో తరగతితో చదువు ఆపేశాడు. మూడు మూళ్లు తొమ్మిది, నాలుగు నాలుగులు పదహారు, కలిపితే ఇరవై ఐదు, అంటే ఐదు ఐదులు అని నేను లెక్క వేసి చూపించినప్పుడు, "నాకు చేతిలో ఉన్నది నీకు కాగితం మీద ఉందన్నమాట" అన్నాడు. యజ్ఞ వేదికలు కట్టడానికి పుట్టిన శుల్బసూత్రాల్లో ఈ సంగతి ఉంది. శుల్బం అంటే తాడు. తాడు పట్టుకుని కొలిచినవాళ్ల గణితం అది.

కానీ ఈ లంబంలోనే ఒక గోతి కూడా ఉంది. వేలాడేది అని చెప్పి వదిలేస్తే, నిట్టనిలువుగా ఉన్నదే లంబం అనుకుంటారు పిల్లలు. కాగితాన్ని కాస్త తిప్పి, ఏటవాలు గీత మీద ఇంకో ఏటవాలు గీతను 90 డిగ్రీల్లో గీసి చూపించండి. "ఇవి లంబం కావు, వంకరగా ఉన్నాయి" అంటారు. బోర్డు మీద మనం ఎప్పుడూ అడ్డగీత, దాని మీద నిలువుగీతే గీస్తాం. పుస్తకంలోనూ ఎక్కువగా అదే బొమ్మ. అందుకని మూలమట్టాన్ని బోర్డు మీద అన్ని వైపులా తిప్పి గీయండి. ఎటు తిప్పినా ఆ రెండు అంచుల మధ్య కోణం మారదని వాళ్ల కళ్లతో వాళ్లు చూడాలి.

తెలుగు మాటలన్నీ తేలికని నేను చెప్పను. వ్యాసం అంటే తెలుగు క్లాసులో రాసేది, లెక్కల క్లాసులో వృత్తం మధ్య నుంచి పోయేది. పరావర్తన కోణం అంటే లెక్కల్లో 180 దాటినది, సైన్సులో అద్దం మీద పడి వెనక్కి వచ్చిన కాంతి చేసేది. పిల్లలు కంగారు పడతారు. అక్కడ ఆగి, ఇది ఆ మాట కాదు అని ఒక్క ముక్క చెప్పాలి. శీర్షాభిముఖ కోణాలు అనేసరికి నోరు తిరగదు. కత్తెర తెరిచి చూపిస్తే నోరు తిరుగుతుంది. మధ్యన మేకు ఉన్న చోటు శీర్షం, దానికి అటూ ఇటూ ఒకదానికొకటి అభిముఖంగా ఉన్న కోణాలు రెండు. పిడి వైపు ఎంత తెరిస్తే మొన వైపు అంతే తెరుచుకుంటుంది.

ఘనాకారాల దగ్గర మన ఊరి పిల్లలకే ప్రత్యేకంగా ఒక తికమక ఉంది. పుస్తకంలో సిలిండర్‌ని స్థూపం అంటారు. బడి వాళ్లు పిల్లల్ని తొట్లకొండకో, బావికొండకో, అనకాపల్లి దగ్గర బొజ్జన్నకొండకో తీసుకెళ్తారు. అక్కడ చెప్పే బౌద్ధ స్థూపం బోర్లించిన గిన్నెలా ఉంటుంది. బొజ్జన్నకొండ పక్కనున్న లింగాలకొండ మీద రాతిలో చెక్కిన చిన్న చిన్న స్థూపాలైతే వరసలు వరసలు, అన్నీ గుండ్రటి తలలే. మరి పుస్తకంలో స్థూపం పౌడర్ డబ్బాలా ఉందే? ఒక పిల్లవాడు నన్ను ఇదే అడిగాడు. మంచి ప్రశ్న. బౌద్ధ స్థూపానికి కింద గుండ్రటి పీఠం ఉంటుంది, అది లెక్కల స్థూపం. దాని మీద కూర్చునే గుమ్మటం అర్ధగోళం. రెండూ కలిపి ఒక కట్టడం. పదో తరగతిలో రెండు ఘనాలు కలిసిన ఆకారం వైశాల్యం, ఘనపరిమాణం కట్టమంటారు కదా, ఆ లెక్కకు ఇంతకంటే మంచి బొమ్మ మన దగ్గర దొరకదు. ఆ కొండ ఎక్కించినప్పుడు చరిత్ర మాస్టారితో పాటు మీరూ వెళ్లండి.

శంకువు సంగతి ఇంకా ముఖ్యం. శంఖువు అనీ శంకువు అనీ రెండు రకాలుగా రాస్తున్నారు. ఖ చూసి పిల్లలు శంఖం అనుకుంటారు. బీచ్ రోడ్డులో శంఖాలు అమ్మే ఊరు కదా మనది. అది సముద్రపు శంఖం కాదు. శంకువు అంటే నేలలో దిగేసే మేకు, గుంజ. మంత్రిగారు వచ్చి శంకుస్థాపన చేశారని వార్తల్లో చదువుతాం, ఆ శంకువే ఇది. ఒక కొస మొనదేలి ఉంటుంది కాబట్టి కోన్ ఆకారానికి ఆ పేరు. పూర్వం నేలలో శంకువు పాతి దాని నీడను కొలిచి దిక్కులు, వేళ తెలుసుకునేవారు. చాపం, జ్యా కూడా ఇలాంటివే. చాపం విల్లు, జ్యా దానికి కట్టిన అల్లెతాడు. వృత్తంలో ఒక ముక్క గీసి రెండు కొసలు కలిపితే విల్లు కళ్లకు కడుతుంది. 476లో పుట్టిన గణితజ్ఞుడు ఆర్యభటుడు పట్టిక కట్టింది అర్ధజ్యాలకే, అంటే సగం తాడు పొడవులకే. ఆ జ్యా మాట అరబ్బుల నోట జీబ అయి, జైబ్ అని చదవబడి, లాటిన్‌లోకి వెళ్లి సైన్ అయింది. పదో తరగతిలో సైన్ అంటే హడలిపోయే పిల్లలకు అది మన విల్లుతాడే అని ఎవరైనా చెప్పారా?

వెల్డర్ గారి అబ్బాయి దగ్గరికి మళ్లీ వస్తాను. పెట్టె ఆకారంలో ఉండే దీర్ఘఘనానికి అంచులెన్ని అంటే ముందు బొమ్మ చూసి తొమ్మిది అన్నాడు, కనబడుతున్నవే లెక్కపెట్టి. నీళ్ల ట్యాంకు పెట్టడానికి 4 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, 6 అడుగుల ఎత్తుతో నాలుగు వైపులా ఫ్రేము కట్టాలి, కిందా పైనా కూడా, పైపు ఎంత కొనాలి అని అడిగాను. నేల మీద సుద్దతో గీసుకున్నాడు. కింద నాలుగు, పైన నాలుగు, నిలువు కాళ్లు నాలుగు. పన్నెండు. ఆరడుగులవి 4, నాలుగడుగులవి 4, మూడడుగులవి 4. మొత్తం 52 అడుగులు. "షాపులో పైపు 20 అడుగులది ఇస్తారు మేడం, 3 పైపులు చాలు" అన్నాడు. అక్కడితో ఆగక, ఏ పైపులోంచి ఏ ముక్కలు కొయ్యాలో కూడా చెప్పాడు: ఒకదాంట్లో మూడు ఆరులు, ఇంకోదాంట్లో ఒక ఆరు, మూడు నాలుగులు, మిగిలినవన్నీ మూడోదాంట్లో. ఆ పిల్లాడికి బడిలో లెక్కల్లో వచ్చిన మార్కులు చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. అంచు అన్న మాట వాడికి తెలుసు, వాళ్లమ్మ చీరకుండేది. ముఖం తెలుసు, శీర్షం అంటే తల అని చెబితే తెలుసు. ఎడ్జ్, ఫేస్, వెర్టెక్స్ అని మాత్రమే విన్నప్పుడు బొమ్మలో కనబడినవే లెక్కపెట్టాడు.

మా వరండాకి వచ్చే ఒక అబ్బాయి యూనిట్ టెస్టులో కారణం రాయాల్సిన చోట "శీర్షాభిముఖ కోణాలు కాబట్టి సమానం" అని తెలుగులో రాశాడు. లెక్క సరైనదే. ఆ వాక్యం మీద ఎర్ర పెన్నుతో కొట్టేసి మార్కు తగ్గించారు. ఏ బడి అన్నది ఇక్కడ ముఖ్యం కాదు. ఆ తర్వాత వాడు కారణాలు రాయడమే మానేశాడు. జవాబు మాత్రం రాస్తున్నాడు. దయచేసి అలా కొట్టేయకండి. పక్కన ఇంగ్లీషు మాట మీరే రాసి ఇవ్వండి, రెండోసారి రెండూ రాస్తాడు. రేపు వాడు పాలిటెక్నిక్‌కి వెళ్లినా, ఐటీఐకి వెళ్లినా డ్రాయింగు మీద ఇంగ్లీషే ఉంటుంది. నేనూ బతుకంతా ఇంగ్లీషు మాటలతోనే గీశాను. అవి నాకు వచ్చింది తెలుగు మాట మీద నిలబడే.

కోణమానిని, అదే ప్రొట్రాక్టర్, వాడించే రోజు ఒక చిన్న పని చెయ్యండి. దాని మీద అంకెలు రెండు వరసలు, ఒకటి ఎడమ నుంచి, ఒకటి కుడి నుంచి. 50 డిగ్రీల కోణాన్ని 130 అని రాసేది అక్కడే. కొలిచే ముందే "ఇది అల్పకోణమా, అధికకోణమా" అని గట్టిగా పైకి అనిపించండి. అల్పకోణం అని నోటితో అన్న పిల్ల 130 అని రాయబోతూ తనంతట తానే ఆగిపోతుంది. మా వరండాలో ఇప్పుడు అందరూ అలాగే చేస్తున్నారు.

చివరిగా ఒక కోరిక. విశాఖ మీద సూర్యుడు ఏడాదికి రెండుసార్లు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మే రెండో వారంలో ఒకసారి, అప్పుడు బడులకు సెలవులు. మళ్లీ ఆగస్టు మొదటి రోజుల్లో, మబ్బు లేకపోతే. ఆ రోజుల్లో పిల్లల్ని గ్రౌండ్‌లోకి తీసుకెళ్లి ఒక కర్ర నిలువుగా పాతించండి. పన్నెండు గంటల ప్రాంతంలో దాని నీడ కురచై కురచై, మొదట్లోకి ఒదిగి మాయమైపోతుంది. నేలకు లంబంగా ఉన్న శంకువు, నేలకు లంబంగా పడే ఎండ, రెండూ ఒకే గీత మీద. అయితే కర్ర కొంచెం వాలినా నీడ కనబడుతుంది, నిలువు సరిగ్గా చూసుకోవాలి. మా నాన్న గుండు, దారం నా దగ్గరే ఉన్నాయి. మీలో ఎవరు అడిగినా ఆ రోజు పొద్దున్నే మీ బడికి తెచ్చి ఇస్తాను.

ఇట్లు,
గాజువాక నుంచి ఒక డ్రాఫ్ట్స్‌మన్